మెల్లగా చేయించుకుందువు తియ్!

"పన్నెండు వేలకే ఇస్తున్నడన్నా, కండ్లు మూసుకొని తీస్కో. మెల్లగ చేయించుకుందువు తియ్!"

దేవరకొండ రోడ్డు మీద ఓ ఆటో కన్సల్టెన్సీ ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నాకీ సలహా ఇచ్చిన తమ్ముడి మీద నాకేం కోపం లేదు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పాత బండి మీద మనసు పడ్డవాడికి దొరికే సలహా ఇదొక్కటే. చాయ్ బండి దగ్గర ఇదే, మెకానిక్ షెడ్డులో ఇదే, ఫోన్లో తిరిగే వీడియోల్లోనూ ఇదే. చేతిలో డబ్బు తక్కువుంటే తక్కువ ధర బండి పట్టాలి, మిగతాది నెల జీతంలోంచి కొంచెం కొంచెం పెట్టుకోవాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో చెప్పలేను. ఈ మాట నమ్మినవాళ్ల బండ్లు జడ్చర్ల నుంచి మిర్యాలగూడ దాకా ఎన్ని రేకుల షెడ్లలో, నీలం పట్టాల కింద, కోళ్లకు నిద్ర తావులై ఉన్నాయో తిరిగి చూసినవాడికే తెలుస్తుంది.

ముందు వాళ్ల వాదం సరిగ్గా చెప్పాలి, లేకపోతే అన్యాయం. బండి ధర తక్కువైతే పోయేదీ తక్కువే అంటారు. పని మధ్యలో ఆగినా పన్నెండు వేలేగా, తుక్కు కింద అమ్మినా సగం వస్తాయి. రెండో మాట, ఒకేసారి లక్ష పెట్టలేనివాడు నెలకు మూడు వేలు పెట్టగలడు. మూడోది, పాత ఇనుము గట్టిది, ఇప్పటి బండ్లన్నీ రేకు డబ్బాలు. నాలుగోది మన నేల గురించి. బందరు, కాకినాడ బండ్లలా ఉప్పుగాలికి తినుకుపోయేవి కావు మనవి, ఈ ఎండు ప్రాంతంలో ముప్పయ్యేళ్ల బండికి కూడా చాసిస్ చెక్కు చెదరదు. ఈ నాలుగూ వినే నేను ఆ బండి కొన్నాను. యెజ్డీ రోడ్‌కింగ్. 249 సీసీ, రెండు సైలెన్సర్లు, కిక్ కొట్టే రాడ్డే ముందుకు మడిస్తే గేర్ రాడ్డయ్యే ఆ వింత. మా ఊరి సర్పంచి దగ్గర చిన్నప్పుడు చూసిన బండి. అంతకంటే కారణం అక్కర్లేదు కదా మతి పోవడానికి.

చివరి వాదం నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. మన దగ్గర ఇనుము నిలుస్తుంది. కానీ బండిలో ఇనుమొక్కటే ఉండదు. నలభై రెండు, నలభై మూడు డిగ్రీల ఎండలో ఏళ్లకేళ్లు నిలబడ్డ బండికి రబ్బరన్నది మిగలదు. ఫోర్క్ సీళ్లు గాజుపెంకుల్లా విరుగుతాయి. పెట్రోలు పైపు వంచితే పుటుక్కుమంటుంది. వైర్ల మీద తొడుగు వేలితో గీరితే పొడిగా రాలుతుంది. టైరు మీద గీతలు నిండుగా కనిపిస్తాయి, పక్కన నెర్రెలు మాత్రం చెరువు ఎండినట్టుంటాయి. జీపయితే ఇంకోటి. మన బోరు నీళ్లు పోసీ పోసీ రేడియేటర్ లోపల సున్నం గడ్డకట్టి ఉంటుంది. అమ్మేవాడు ట్యాంకు మీద పిడికిలితో కొట్టి "చూడన్నా సప్పుడు" అంటాడు. ఆ సప్పుడు రేకుది, సీళ్లది కాదు.

ఇక అసలు మాట, మెల్లగా. నేను ఖండించదలచుకున్నది ఈ ఒక్క మాటనే. ఇల్లు మెల్లగా కట్టుకోవచ్చు. బేస్‌మెంటు వేసి రెండేళ్లు ఆగితే గడ్డి మొలుస్తుందేమో కానీ బేస్‌మెంటు పోదు. ఇంజన్ అట్లా కాదు. టూ స్ట్రోక్ ఇంజన్ విప్పామంటే క్రాంకూ, బేరింగులూ, ఆయిల్ సీళ్లూ, బోరూ, పిస్టనూ అన్నీ ఒక్క దఫాలో పడాలి. క్రాంకు ప్రెస్ మీద విప్పి కొత్త కనెక్టింగ్ రాడ్ వేయించి, లేత్ మీద సెంటరు చూసి తెచ్చాక వెంటనే కేసులో కూర్చోవాలి. సీళ్లు పాతవే ఉంచి "అవి వచ్చే నెల వేద్దాం" అంటే అక్కడి నుంచి గాలి పీలుస్తుంది, మిశ్రమం పలచబడుతుంది, వేడెక్కి కొత్త పిస్టన్ పట్టేస్తుంది. అంటే వచ్చే నెలకు దాచుకున్న పనికి ఈ నెల పని బలి.

నా ఇంజన్ విప్పాక నా చేతిలో డబ్బులైపోయాయి. ఎనిమిది నెలలు ఆగాను. ఉస్తాద్ ఏం చేస్తాడు? ఆయన షెడ్డు వెడల్పు పన్నెండడుగులు, రోజుకు పది బండ్లు వస్తాయి. నా ఇంజన్‌ను యూరియా సంచిలో కట్టి మూలకు పెట్టాడు. వానాకాలంలో రేకు సందులోంచి చుక్కలు పడ్డాయి. మళ్లీ డబ్బు పట్టుకుని వెళ్లి సంచి కుమ్మరిస్తే కొత్త బేరింగుల మీద ఎర్రటి మచ్చలు, క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. బోల్టులు ఏవి ఎక్కడివో విప్పిన పిల్లగాడికే తెలుసు, ఆ పిల్లగాడు అప్పటికి హైదరాబాద్ పోయాడు. ఉస్తాద్ సంచిని చూసి, నన్ను చూసి, "సార్, బండి తెస్తే రిపేర్ జేస్త. సంచి తెస్తే ఏం జెయ్యాలె?" అన్నాడు. బేరింగులు రెండోసారి కొన్నాను.

లెక్క రాసుకున్న నోటు పుస్తకం నా దగ్గర ఉంది, దాచుకునేదేం లేదు. బండి 12,000, ట్రాలీ ఆటో 1,800. క్రాంకు పని 4,500, బోరూ పిస్టనూ 3,800, క్లచ్చూ సీళ్లూ బేరింగులూ (రెండుసార్లు) 5,200. టైర్లు 4,600, రిమ్ములూ స్పోకులూ 5,500, వైరింగు 2,400. టింకరింగూ పెయింటింగూ 11,000, క్రోమింగు 8,500. మొత్తం 59,300 రూపాయలు. ఇందులో బండి ధర ఎంత? ఐదో వంతు. కన్సల్టెన్సీ ముందు రెండు గంటలు నేను బేరమాడింది ఆ ఐదో వంతు మీద. పదిహేను వేలు చెప్పినవాణ్ని పన్నెండుకు దించి గెలిచానని సంబరపడ్డాను. మిగతా నాలుగు వంతుల గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. ధర తక్కువైతే పోయేది తక్కువన్న వాదానికి ఇంతకంటే జవాబు నాకు చేతకాదు.

"నువ్వు రంగు, క్రోమింగు దగ్గర దుబారా చేశావు" అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఆ రెండూ లేకపోయినా దాదాపు నలభై వేలు ఉంది చూడండి. పైగా ఆ ఖర్చంతా పెట్టిన బండి ఇప్పుడు ఎక్కడుంది? మా వరండాలో. పెళ్లికొడుకులా తళతళలాడుతోంది, గేటు దాటలేదు. కాగితాలు లేవు.

ఇక్కడే వాళ్ల సలహాలోని రెండో భాగం గుర్తొస్తుంది. "కాగితాలదేముందన్నా, తర్వాత జూస్కుందాం." తర్వాత చూసుకోవడం ఎట్లా ఉంటుందో చెప్తాను. బండి చేతులు మారాలంటే 29, 30 ఫారాలు ఉండాలి, వాటి మీద ఆర్సీలో పేరున్న మనిషి సంతకం ఉండాలి. నాకు అమ్మినవాడి దగ్గర సంతకాలు చేసిన ఖాళీ ఫారాలున్నాయి. తీరా చూస్తే సంతకం పెట్టిన మనిషి చనిపోయి ఆరేళ్లు. యజమాని చనిపోతే ఆ ఫారాలు చెల్లవు. ముందు వారసుల పేరిట 31వ ఫారంతో మార్పించాలి, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి కావాలి, ఆ తర్వాతే అమ్మకం. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకరు ఊళ్లో, ఒకరు హైదరాబాద్‌లో, మూడో అతను భివండీలో పవర్‌లూమ్ మీద. నల్లగొండ చేనేత ఇళ్లల్లో చాలామంది బతుకు భివండీ, షోలాపూర్, సూరత్‌లలోనే కదా. ఒక పాత బండి మీద సంతకానికి అతను రైలెక్కి వస్తాడా? నేనైనా రాను.

అది ఒక ఎత్తు. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి 25వ ఫారం మీద పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం ద్విచక్ర వాహనానికి ఆ రుసుము 300 నుంచి 1,000 చేసింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2,000 చేసింది, కార్లూ జీపులకు 10,000. ఇదీ భరించవచ్చు. ఆలస్యానికి మాత్రం మోటార్ సైకిల్‌కు నెలకు 300 చొప్పున అదనం రాశారు. మూడేళ్లు మరిచిపోతే 10,800. పన్నెండు వేలకు దొరికిన బండి మీద, నెల తిరిగేసరికల్లా మూడు వందలు పెరిగే మీటరు ఒకటి మౌనంగా తిరుగుతోందని బేరమప్పుడు ఎవరైనా చెప్పారా? ఇవి కాక మన రాష్ట్రపు గ్రీన్ ట్యాక్స్ వేరు.

"అంత చట్టం ఎవడు చూస్తడు, ఊళ్లో తిరగడానికే కదా" అనేవాళ్లున్నారు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్నవాడే యజమాని కింద బాధ్యుడు, బండి ఎన్ని చేతులు మారినా సరే. అందుకే కొన్నవాడు ముప్పై రోజుల్లో పేరు మార్పించుకోవాలని చట్టం. మీరు మార్చుకోకుండా తిరిగి ఎవరినో గుద్దితే నోటీసు పోయేది ఆ చనిపోయిన నేతన్న ఇంటికి. ఊళ్లో తిరగడమంటే ఇదీ.

కాగితాలు పోయిన బండికి వింటేజ్ నంబరు తెచ్చుకోవచ్చని ఒక మిత్రుడు నాకు ఆశ పెట్టాడు. 2021 జూలైలో వచ్చిన ఆ నిబంధన చదివే ఉంటే ఆశ పెట్టేవాడు కాడు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి, అసలు రూపం మారకూడదు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 కట్టాలి, రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. రోడ్‌కింగ్ పుట్టిందే 1978లో.

అరుదైన బండి పట్టు, విలువ పెరుగుతుందన్న ముచ్చట కూడా ఈ సలహాకు తోకలాంటిదే. విలువ పెరగడం అబద్ధం కాదు. ఎవరికి పెరుగుతుందన్నదే లెక్క. మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన 1912 నాటి సిల్వర్ ఘోస్ట్‌కు మళ్లీ కొత్త రూపు తెచ్చారు. దాని వెనక నిజాం వంశం ఉంది. మీ వెనక పదిహేనో తారీఖుకు అయిపోయే జీతం ఉంది. అరుదు అంటే బజారులో అర్థం, స్పేర్ పార్టు లేదని. హైదరాబాద్‌లోనే తయారైన ఆల్విన్ పుష్పక్ స్కూటర్ తీసుకోండి. మన సొంత బండి, చూస్తే ప్రాణం లేచొస్తుంది, కానీ దాని కేబులో బ్రేక్ డ్రమ్మో నల్లగొండ గడియారం సెంటరు చుట్టూ ఉన్న ఏ దుకాణంలో అడిగినా మిమ్మల్ని వింతగా చూస్తారు. పుత్లీబౌలీ, రాణిగంజ్ తిరగాలి, దొరక్కపోతే జుమ్మేరాత్ బజార్‌లో తుక్కు కుప్పల ముందు గొంతుకూర్చోవాలి. రోజు కూలీ, బస్సు ఛార్జీ, భోజనం లెక్కేస్తే 80 రూపాయల వాషర్ 800 పడుతుంది. నా యెజ్డీ సంగతీ అంతే. మైసూరులో ఐడియల్ జావా మూతపడింది 1996లో. 2018లో జావా పేరూ, 2022లో యెజ్డీ పేరూ తిరిగొచ్చాయి కదా అని నేనూ ఉబ్బిపోయాను. పేర్లే వచ్చాయి. వాటి కింద ఉన్నవి నీటితో చల్లబడే ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు, ఒక్క నట్టు కూడా పాతదానికి పనికిరాదు.

ఈ విషయంలో పాత బుల్లెట్‌కు మినహాయింపు ఇస్తాను. కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్‌కు ఊరికో ఉస్తాద్ ఉన్నాడు, పార్టులు సూర్యాపేటలో దొరక్కపోతే హైదరాబాద్‌లో తప్పక దొరుకుతాయి. కానీ ఆ సంగతి అమ్మేవాడికీ తెలుసు, కాబట్టి అది చౌకగా రాదు. వచ్చిందంటే కాగితాల్లోనో క్రాంకులోనో ఏదో ఉంది.

ఇక కస్టమ్. పాత బుల్లెట్ కోసి బాబర్ చేస్తాం, కమాండర్ జీపు టాప్ ఎత్తేసి పెద్ద టైర్లు వేసి డబ్వాలీ జీపులా తయారు చేస్తాం, తక్కువలో కొత్త బండి వచ్చినట్టే అంటారు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ ముచ్చట తేల్చేసింది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్సీలోని వివరాలు మారేలా బండిని మార్చడానికి 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఆ ఏడాదే సవరించిన చట్టంలో 182ఏ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి. చాసిస్ కోత ఒకటి, టైర్లు ఒకటి, సైలెన్సర్ ఒకటి. ఆ సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్ తొక్కించే ఫొటోలు మన పేపర్ల జిల్లా పేజీల్లో చూడనివాళ్లెవరు?

కమాండర్ జీపు గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి, అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ వైపు కుర్రాళ్లకు దాని మీదే కన్ను. బండి మంచిదే. అందులోని 2523 సీసీ డీఐ ఇంజన్ తర్వాత బొలేరోలోనూ వచ్చింది, పార్టులకు కొదవ లేదు, ఊరి మెకానిక్కు కళ్లకు గంతలు కట్టినా విప్పగలడు. అయితే అవన్నీ షేరింగ్ మీద మనుషుల్ని మోసిన బండ్లు, పసుపు ప్లేటువి. క్వార్టర్ ట్యాక్స్ ఎన్నేళ్లుగా కట్టలేదో, ఫిట్‌నెస్ ఎప్పుడు పోయిందో చూడకుండా యాభై వేలకొస్తోందని తీసుకుంటే ఆ బకాయిలన్నీ బండితో పాటే మీ వాకిట్లోకి దిగుతాయి. ఏదీ రోడ్డెక్కించకుండా, కేవలం చూపడానికి తయారు చేసేవాడి దారి వేరు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం పెట్టిన సుధాకర్ యాదవ్ బూటు కారు, క్రికెట్ బ్యాట్ కారు తుక్కులోంచే చేశారు. వాటి తావు మ్యూజియం. మీ జీపు శ్రీశైలం రోడ్డు ఎక్కాలి.

మరి తక్కువ డబ్బున్నవాడు ఆశ వదులుకోవాలా అని అడుగుతారు. ఎవరు వదులుకోమన్నారు? వెతికే తావు మార్చమంటున్నాను. నా యెజ్డీ వరండాలో ముస్తాబవుతున్న ఏడాదే మా నాన్న స్ప్లెండర్ పశువుల కొట్టంలో ఉండేది. 2001 మోడల్, నాన్న పేరు మీద, ఏపీ 24 నంబరు. నాన్న బతికే ఉన్నాడు, సంతకం ఇంట్లోనే ఉంది. ఆర్సీ ఐదేళ్లకోసారి ఆయనే పొడిగించుకుంటూ వచ్చాడు, ఎందుకంటే ఆయనకు ఎవరూ "తర్వాత జూస్కుందాం" అని చెప్పలేదు. హాఫ్ ఇంజన్ పని, చైన్ స్ప్రాకెట్, టైర్లు, వైర్లు, సీటు రెగ్జిన్, రంగు, అన్నీ కలిపి 17,000 అయింది. పార్టులన్నీ నకిరేకల్‌లోనే దొరికాయి. ఉస్తాద్ మూడు రోజుల్లో ఇచ్చేశాడు, సంచి అవసరం రాలేదు. రంగు కూడా పాతదే వేయించాను, మారిస్తే ఆర్సీలోనూ మార్పించాలి.

స్ప్లెండర్‌కు పాతతనపు దర్పం లేదని నవ్వుతారు. 1994లో వచ్చిన బండికి ముప్పయ్యేళ్లు దాటాయి. 1985 నాటి సీడీ 100కు నలభై. చేతక్ స్కూటర్, టీవీఎస్ 50 మన ఇళ్లల్లో పెళ్లిళ్లకు పోయాయి, పొలాలకు నీళ్ల క్యాన్లు మోశాయి, కాన్పుకు ఆసుపత్రికి పరుగెత్తాయి. పాలమూరు నుంచి బొంబాయి పోయినవాళ్లు పండక్కి వచ్చి ఊళ్లో దులిపి ఎక్కేది వాటినే. బాగు చేయడానికి తగిన బండి కావడానికి ఇంతకంటే ఇంకేం కావాలి? వీడియోల్లో లైకులు రావంటే అది వేరే సంగతి, నా దగ్గర మందు లేదు.

ఇల్లూ, బంధువుల ఇళ్లూ వెతికినా బండి లేదనుకోండి, బయట కొనాలనుకోండి. అప్పుడు ముందు మెకానిక్‌ను ఎంచుకోండి, తర్వాత బండిని. ఆయనకు చేయి తిరిగిన బండి ఏదో అడిగి అదే వెతకండి. చేతిలో నలభై వేలుంటే ఇరవైకి మించని బండి చూడండి, పని మొదలయ్యేదాకా మిగతా ఇరవై కట్ట విప్పకండి, మొదలైన వారంలోనే అది అయిపోవాలి. ఆ ఇరవై లేనిదే ఇంజన్ విప్పించకండి. అది జమయ్యేదాకా బండి కొనడం వాయిదా వేయండి.

ఈ ఆదివారం ఎవరైనా బండి చూడబోతుంటే డబ్బులు ఇంట్లో పెట్టి వెళ్లండి. ఒక పెన్సిలు, తెల్ల కాగితం జేబులో పెట్టుకోండి. చాసిస్ నంబరు మీద కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి, ఇంటికొచ్చి ఆర్సీ జిరాక్సు పక్కన పెట్టి ఒక్కో అంకె చూడండి. ఆర్సీలో పేరున్న మనిషి ఉన్నాడో లేడో ఆ ఊళ్లోనే అడిగి రండి.